పనితనం ఉంది, కాగితం ఏదీ?

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడి ఇంటికి మనుషులు కాగితాలు పట్టుకొని రావడం మానరు. పింఛను దరఖాస్తు, కులధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డులో పేరు తప్పు, పాస్‌పోర్టులో పుట్టిన తేదీ తేడా, ఇవే ఇప్పుడు నా దినచర్య. నిరుటి వానాకాలంలో ఒక సాయంత్రం వచ్చిన మనిషి మాత్రం ఏ దరఖాస్తూ తేలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీ తీసి నా ముందు పరచి, "సాబ్, మీరు చదువుకున్నవారు. ఈ చీటీ చూసి చెప్పండి, నేను దొంగనా?" అని అడిగాడు.

ఆయన మా ఊళ్లో కార్ల మెకానిక్. పన్నెండేళ్ల వయసులో ఉస్తాద్ పక్కన కూర్చొని పానాలు అందించిన నాటినుంచి నేనెరుగుదును. వెల్డింగ్, టింకరింగ్, ఇంజన్ పని మూడూ తెలిసినవాడు. ఒక చిన్న బట్టల వ్యాపారి తన పాత మారుతి 800 కారును ఆయన షెడ్డుకు తెచ్చాడు. వెనుకనుంచి లారీ గుద్దడంతో డిక్కీతో సహా వెనుక భాగం నలిగిపోయింది. ఇంజన్ అంతకుముందే అరిగిపోయి పొగ కక్కుతోంది. కొత్త బండి కొనే స్తోమత ఆ వ్యాపారికి లేదు. మెకానిక్ ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర అదే మోడలు కారు మరొకటి చూశాడు. గాలివానకు చెట్టు విరిగి పడి దాని ముందు కప్పు అణిగిపోయిందని, ఇంజనూ వెనుక సగమూ చెక్కుచెదరలేదని వ్యాపారి చెప్పాడు. ఇరవై రెండు వేలకు బేరం కుదిరింది. మొదటి కారు ముందు సగం, రెండో కారు వెనుక సగం, రెండో కారు ఇంజన్ కలిసి ఆరు వారాల్లో ఒక కారుగా బయటికి వచ్చాయి. రంగు వేసిన తరువాత అతుకు ఎక్కడుందో కనిపెట్టడం నావల్ల కాలేదు.

మూడు నెలల తరువాత రాత్రి తనిఖీలో పోలీసులు ఆ బండిని ఆపారు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఉన్న ఇంజన్ నంబరు మరొకటి. ఆ రెండో నంబరును ఆరా తీస్తే, వేరే జిల్లాలో కొన్నేళ్ల క్రితం దొంగతనం ఫిర్యాదు నమోదైన కారుదని తేలింది. బండిని స్వాధీనం చేసుకున్నారు. బట్టల వ్యాపారిని పిలిచారు, ఆయన మెకానిక్ పేరు చెప్పాడు. మెకానిక్ పాత ఇనుము వ్యాపారి పేరు చెప్పాడు. ఆ వ్యాపారి తానెవరికీ ఏ కారూ అమ్మలేదన్నాడు. మెకానిక్ చేతిలో మిగిలింది ఆ చీటీ ఒక్కటే. దాని మీద "పాత బండి, రూ. 22,000" అని రాసి ఉంది. బండి నంబరు లేదు, ఛాసిస్ నంబరు లేదు, అమ్మినవాడి సంతకం లేదు, తేదీ సైతం లేదు.

ఆ మనిషి దొంగ కాడని నా మనసుకు తెలుసు. కాని ఆ మాట చెప్పగల శక్తి ఆ చీటీకి లేదు. ఇటువంటి చీటీలతో మన ఊళ్లలో ఎందరు పనివాళ్లు బతుకుతున్నారో తలచుకొన్నప్పుడు ఈ వ్యాసం రాయాలనిపించింది. నేను న్యాయవాదిని కాను. అయితే చట్టం పుస్తకం తెరచి సెక్షను చదివి అర్థం చేసుకోవడం గుమాస్తా ఉద్యోగం నేర్పిన విద్య. ఆ మేరకు తెలుసుకొన్నది పాఠకుల ముందుంచుతున్నాను.

బండికి పేరు దాని నంబరే

మనం కారును రంగుతో, మోడలుతో గుర్తుపడతాం. చట్టం దాన్ని రెండు నంబర్లతో గుర్తుపడుతుంది. ఒకటి ఛాసిస్ నంబరు, రెండోది ఇంజన్ నంబరు. తయారీదారు ఈ నంబర్లను బండి మీద చెరగకుండా చెక్కాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 122వ నియమం ఆదేశిస్తోంది. వాటినే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోకి ఎక్కిస్తారు. ముందూ వెనుకా తగిలించే నంబరు పలక ఆ రెండు నంబర్లకు సర్కారు పెట్టిన ముద్దుపేరు వంటిది. పలక మారినా బండి మారదు. చెక్కిన నంబరు మారితే చట్టం దృష్టిలో అది వేరే బండి.

పాత జీపులు, లారీలు, సుమో వంటి బండ్లకు కింద వేరుగా ఒక ఇనుప చట్రం ఉంటుంది. బాడీని దానిపై బిగిస్తారు. అటువంటి బండికి బాడీ మార్చినా చట్రం నిలిచే ఉంటుంది గనుక దాని గుర్తింపు పోదు. చిన్న కార్లలో ఈ వేరు చట్రం లేదు. నేలరేకు, పక్క స్తంభాలు, కప్పు అన్నీ కలిపి అతికిన ఒకే డొల్ల ఉంటుంది. ఆ డొల్లే బాడీ, ఆ డొల్లే ఛాసిస్. నంబరును ఇంజన్ గది వెనుక అడ్డురేకు మీదనో, సీటు కింది నేలరేకు మీదనో చెక్కి ఉంచుతారు. అటువంటి రెండు కార్లను నడుమ కోసి అతికితే సగం డొల్లకు ఒక గుర్తింపు, తక్కిన సగానికి మరొక గుర్తింపు ఉంటాయి. నంబరు ఉన్న సగం మిగిలింది కదా, అదే బండి కదా అని మెకానిక్ అనుకొంటాడు. చట్టం అంత తేలికగా ఒప్పుకోదు.

కలపడంలో నాలుగు రకాలు

రెండు బండ్లను కలపడమన్నది షెడ్డులో ఒకే మాట. చట్టంలో అది నాలుగు వేర్వేరు పనులు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే మనవాళ్లు ఇబ్బంది పడుతున్నారు.

మొదటిది, బిగించి విప్పగల విడిభాగాలు. తలుపు, బంపరు, బానెట్, సీట్లు, దీపాలు, రేడియేటరు వంటివి ఒక బండి నుంచి తీసి అదే మోడలు బండికి పెట్టడం మరమ్మతే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పునే "మార్పు" అని నిర్వచించింది. తలుపు మార్చినందుకు ఎవరూ అనుమతి అడగరు. అయితే ఆ తలుపు ఎక్కడిదో చెప్పే బిల్లు మన దగ్గర ఉండాలి. వేరే రంగు తలుపులు పెట్టి బండి మొత్తానికి రంగు మార్చితే, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రంగు కూడా నమోదై ఉంటుంది గనుక అక్కడా మార్పించుకోవాలి.

రెండోది, ఇంజన్ మార్పిడి. ఇది నిషిద్ధం కాదు. అదే తయారీ, అదే రకం ఇంజన్‌ను రిజిస్టరింగ్ అధికారి అనుమతితో మార్చుకోవచ్చు. అనుమతి లేకుండా మార్చినట్లయితే 14 రోజుల్లోగా ఆ సంగతి అధికారికి తెలియజేసి, సర్టిఫికెట్‌ను ఫీజుతో సహా దాఖలు చేసి కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలని 52వ సెక్షను మూడో ఉపవిభాగం చెబుతోంది. మా మెకానిక్ విషయంలో ఈ ఒక్క పని జరిగి ఉంటే, ఇంజన్ నంబరు చరిత్ర కార్యాలయంలోనే బయటపడేది. పోలీసు స్టేషను దాకా పోయేది కాదు. ఫైనాన్స్ మీద ఉన్న బండి అయితే మరొక మెట్టు ఉంది. అప్పిచ్చిన సంస్థ రాతపూర్వక సమ్మతి లేకుండా అటువంటి బండిలో మార్పులు చేయరాదు.

మూడోది, సగానికి సగం అతకడం. ఇదే అసలు చిక్కు. 2000 సంవత్సరపు సవరణ తరువాత 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని స్పష్టంగా చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా నిలబెట్టింది. నియమావళిలో సడలింపులు వెతికి సెక్షను అసలు ఉద్దేశాన్ని నీరుగార్చరాదన్నది ఆ తీర్పు సారాంశం. ఒకే మోడలు రెండు సగాలను కలిపితే తయారీదారు నిర్దేశం మారిందా లేదా అని వాదించవచ్చు. పొడవు మారలేదు, బరువు మారలేదు, సీట్లు మారలేదు. కాని తయారీదారు నిర్దేశించిన డొల్లలో నడుమ అతుకు లేదు. అనుమతి లేకుండా చేసిన పనికి ఆ వాదన రక్షణ కవచం కాజాలదు.

నాలుగోది, నంబరు మార్పిడి. ఒక బండి ఛాసిస్ నంబరున్న రేకు ముక్కను కోసి మరో బండికి అతకడం, లేదా ఉన్న నంబరును గీకి కొత్తది కొట్టడం. రెండు బండ్లూ మనవే అయినా ఈ పని చేయరాదు. ప్రమాదంలో తుక్కయిన కారును కాగితాల కోసం కొని, దాని నంబరును దొంగిలించిన కారుకు అతికి అమ్మే ముఠాల పద్ధతి ఇదే. నిజాయితీపరుడు చేసినా ఆ పని గుర్తు ఒకటే. చూసేవాడికి తేడా కనబడదు. మన పనివాళ్లకు చేతులు జోడించి చెప్పే మాట ఇది. ఎంత పాత ఖాతాదారు అడిగినా, ఎంత కూలి ఇస్తానన్నా, నంబరు ముక్క జోలికి పోకండి.

శిక్ష ఎంత, అప్పీలు ఎక్కడ

చట్టం అనుమతించని విధంగా బండిని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునని 2019 సవరణతో మార్చిన 182-ఏ సెక్షను చెబుతోంది. ఒక్కొక్క మార్పుకు అన్న మాటను గమనించాలి.

దీనికన్నా బరువైనది 55వ సెక్షను. బండి మీద చెక్కిన ఇంజన్ నంబరు గాని ఛాసిస్ నంబరు గాని సర్టిఫికెట్‌లోని నంబరుతో సరిపోలకపోతే, యజమానికి నోటీసు ఇచ్చి అతని మాట విన్న తరువాత రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలని ఐదో ఉపవిభాగం అధికారిని ఆదేశిస్తోంది. జరిమానా కడితే తీరిపోతుంది. రిజిస్ట్రేషన్ రద్దయితే ఆ బండి రోడ్డెక్కదు. పెట్టిన డబ్బంతా తుక్కు ధరకు దిగిపోతుంది.

అయితే ఇక్కడ ఒక హక్కు ఉంది. నోటీసు అందుకొన్నవాడు తప్పక జవాబు రాయాలి. మనవాళ్లు భయపడి నోటీసును బీరువాలో దాచుకొంటారు. జవాబు లేని నోటీసును కార్యాలయం ఒప్పుకోలుగా తీసుకొంటుంది, ఇది నా ఉద్యోగానుభవం. రద్దు ఉత్తర్వు వచ్చినా, అందిన 30 రోజుల్లోగా 57వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు దాటనివ్వకండి.

చచ్చిన బండికి మరణ ధ్రువీకరణ

మనిషి మరణిస్తే మునిసిపాలిటీలో నమోదు చేయిస్తాం. అది లేకపోతే పింఛను ఆగదు, ఆస్తి మారదు. బండికీ అటువంటి ఏర్పాటు ఉంది. బండి నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, యజమాని 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరలో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి సర్టిఫికెట్‌ను అప్పగించాలని 55వ సెక్షను మొదటి ఉపవిభాగం చెబుతోంది. తుక్కుకు అమ్మేవారిలో ఈ పని చేసేవారు అరుదు. బండి ముక్కలై పది ఊళ్లకు చేరినా, సర్కారు రిజిస్టరులో అది ఇంకా పాత యజమాని పేరుతో బతికే ఉంటుంది.

దీని ఫలితం అమ్మినవాడికీ మంచిది కాదు. ప్రమాద పరిహారం విషయంలో రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. బండి చేతులు ఎన్ని మారినా, పేరు మారనంతవరకు బాధ్యత మొదటివాడిదే. పాత కారును తుక్కు వ్యాపారికి ఇచ్చి డబ్బు లెక్కపెట్టుకొన్న పెద్దమనిషి, రెండేళ్ల తరువాత ఎవరో చేసిన ప్రమాదానికి కోర్టు మెట్లెక్కవలసి రావచ్చు.

2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం వాహనాల తుక్కు కేంద్రాలకు నియమాలు తెచ్చింది. నమోదైన కేంద్రానికి బండిని అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. బండి పేరు రిజిస్టరు నుంచి తీయించే దారి అక్కడ సాఫీగా ఉంటుంది. కాని మన ఊళ్లలో పాత బండ్లు ఇప్పటికీ వీధి చివరి తుక్కు కొట్టుకే పోతున్నాయి. కాబట్టి విడిభాగాల కోసం పాత బండి కొనే మెకానిక్, దాని రిజిస్ట్రేషన్ రద్దయిందా, దొంగతనం ఫిర్యాదు ఉందా, అప్పు బాకీ ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే డబ్బు చేతికివ్వాలి.

బీమా, బాటసారి

ఇంతవరకు యజమాని, మెకానిక్ గురించే చెప్పాను. మూడో మనిషి ఒకడున్నాడు. అతడు రోడ్డు మీద నడిచిపోయే బాటసారి. అతుకుల బండి బ్రేకు పట్టక అతన్ని గుద్దితే ఏమవుతుంది?

ప్రతి బండికీ మూడో పక్షం బీమా ఉండి తీరాలని 146వ సెక్షను విధిస్తోంది. బీమా తీసుకొనేటప్పుడు ముఖ్యమైన సంగతులను దాచితే, ఆ కారణం చూపి బీమా సంస్థ బాధ్యత తప్పించుకొనేందుకు 150వ సెక్షనులో వీలుంది. రెండు కార్లను కలిపి కట్టిన బండి అన్నది చిన్న సంగతి కాదు. బాధితుడికి సంస్థ ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోమని న్యాయస్థానాలు ఆదేశించిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాణనష్టానికి లక్షల్లో వచ్చే ఆ మొత్తాన్ని ఒక బట్టల వ్యాపారి ఎక్కడినుంచి తెస్తాడు? ఇక సొంత బండికి జరిగిన నష్టం కోసం పరిహారం అడిగితే, నంబర్లు సరిపోలని బండికి సంస్థ పైసా ఇస్తుందని ఆశించడం వ్యర్థం.

మరొక సంగతి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఆ బండిని పూర్తి నష్టంగా లెక్కించడం మన మోటారు బీమా ఆనవాయితీ. అలా తుక్కుగా అమ్ముడైన బండ్లే తరచుగా మన షెడ్లకు వస్తాయి. అవి ఎందుకు తుక్కయ్యాయో కూడా ఆలోచించాలి. కారు డొల్లను గుద్దినప్పుడు కొన్నిచోట్ల నలిగి, కూర్చున్న మనిషి చుట్టూ నలగకుండా నిలిచేట్లు రూపొందిస్తారు. నడుమ కోసి అతికినచోట వేడికి రేకు గుణం మారుతుంది. లోపలివైపు తుప్పు చేరుతుంది. ఎంత మంచి పనివాడు అతికినా ఆ అతుకు ఫ్యాక్టరీ బలంతో నిలుస్తుందని పరీక్షించి చెప్పే సాధనం షెడ్డులో లేదు. సగానికి సగం అతకడాన్ని నేను సమర్థించకపోవడానికి చట్టం ఒక కారణమైతే, ఆ బండిలో వెనుక సీటు మీద కూర్చునే పిల్లలు రెండో కారణం.

స్వాధీనమైన బండి, నిందపడిన మనిషి

దొంగసొత్తును కలిగి ఉండడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 411వ సెక్షను. కాని వస్తువు మన దగ్గర దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదు. అది దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మేందుకు కారణం ఉండి గాని, దురుద్దేశంతో తీసుకొన్నట్టు ప్రాసిక్యూషన్ నిరూపించాలి. ఇక్కడే కాగితం ప్రాణం పోస్తుంది. అమ్మినవాడి పేరు, గుర్తింపు కార్డు నకలు, బండి రెండు నంబర్లు, తేదీ, బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువు ఉన్నవాడు సద్బుద్ధితో కొన్నానని చెప్పగలడు. అంగడి ధరకన్నా బాగా తక్కువకు, నగదుగా, రాత్రివేళ, సంతకం లేని చీటీతో కొన్నవాడి మీద అనుమానం నిలుస్తుంది.

స్వాధీనం చేసుకొన్న బండిని స్టేషను ఆవరణలో ఏళ్ల తరబడి ఎండకు ఎండబెట్టవలసిన పని లేదు. ఫొటోలు తీయించి, పంచనామా రాయించి, తగిన పూచీకత్తు తీసుకొని త్వరగా విడుదల చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే గుజరాత్‌కు చెందిన ఒక కేసులో మార్గదర్శనం చేసింది. మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకొనే ఈ హక్కు చాలామందికి తెలియదు. దళారికి డబ్బిచ్చి స్టేషను చుట్టూ తిరుగుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం ఉందన్న సంగతి కూడా ఇంటింటికీ చేరాలి.

ఒకరి తప్పు, అందరి గడపకు తాళం

2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికులు జీతపు ఉద్యోగాల కన్నా స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారని, వారు అధికంగా కనిపించే వృత్తుల్లో మోటారు వాహనాల మరమ్మతు ఒకటని గుర్తించింది. మన ఊళ్లలో ఆటోనగరుకు పోయి చూస్తే ఆ సంగతి కళ్లకే తెలుస్తుంది. బడి మానేసిన పిల్లవాడికి ఉస్తాద్ షెడ్డే కళాశాల. ఏ ప్రభుత్వ ఖర్చూ లేకుండా తరతరాలుగా నిలిచిన విద్య ఇది.

ఇంతటి విద్య ఒక్క నిందతో కూలిపోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ అనే పాత బండ్ల బజారు దేశమంతటా పేరుపడింది. దొంగ బండ్లను అక్కడ విడదీస్తున్నారన్న కారణంతో 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారును మూయించారు. దొంగతనాన్ని అరికట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాని బజారు మొత్తం మూతపడినప్పుడు, బిల్లు రాసి అమ్మిన దుకాణదారుకూ రాయని దుకాణదారుకూ తేడా మిగలదు. ఆ తేడాను ముందుగా నిలబెట్టుకోవలసింది మనమే.

ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అడగాలి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన పురాతన వాహనాల కోసం నియమావళికి ప్రత్యేక సవరణ తెచ్చింది. వాటికి "వి.ఏ." అక్షరాలతో వేరు నంబరు వరుస ఇచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000 ఫీజు, దరఖాస్తు పద్ధతి, తనిఖీ, అన్నీ రాతలో ఉన్నాయి. ప్రదర్శనకు పాత కారును అపురూపంగా దాచుకొనే సంపన్నుడి ముచ్చట కోసం సర్కారు ఒక దారి వేసింది. సంతోషమే. మరి ఒకే మోడలు రెండు పాత బండ్లలోని మంచి భాగాలతో బతుకుదెరువు బండిని నిలబెట్టుకోదలచిన పేదవాడికి దారి ఏది? ఇంజన్ మార్పిడికి సెక్షను ఉంది. డొల్ల దెబ్బతిన్నవాడు అదే మోడలు పూర్తి డొల్లను మార్చుకోదలిస్తే ఏ కాగితాలు పెట్టాలి, ఎవరు తనిఖీ చేస్తారు, ఎన్నాళ్లలో జవాబిస్తారు అన్నది సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ఏ కార్యాలయం గోడ మీదా నాకు కనబడలేదు. దారి లేనిచోట దళారి పుడతాడు.

ఈ దారి వేయడం పెద్ద పని కాదు. పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు తీసుకోవాలి. భాగాలిచ్చే రెండో బండి రిజిస్ట్రేషన్‌ను ముందుగా రద్దు చేయాలి. పని నడుమ ఒకసారి, ముగిశాక ఒకసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేయాలి. సర్టిఫికెట్ మీద పునర్నిర్మిత వాహనం అని రాయాలి. అప్పుడు తరువాత కొనేవాడూ మోసపోడు, బీమా సంస్థకూ సంగతి తెలుస్తుంది, దొంగకు ఆ తలుపు మూసుకొంటుంది.

మనం చేయవలసినవి

ప్రభుత్వం కదిలేలోగా మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి షెడ్డులో ఒక రిజిస్టరు ఉండాలి. కొన్న ప్రతి పాత బండికీ తేదీ, అమ్మినవారి పేరు, గుర్తింపు కార్డు నకలు, రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజన్ నంబర్లు, ధర, సంతకం అందులో రాయాలి. విడదీయక ముందు రెండు నంబర్లకూ ఫోనుతో ఫొటోలు తీయాలి. ఏ భాగం ఏ బండికి పోయిందో ఎదురుగా రాయాలి. ఖాతాదారు నుంచి అతని బండికి ఏ పని చేయమన్నాడో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంజన్ మార్చినప్పుడు 14 రోజుల లెక్క ఖాతాదారుకు చెప్పి, చెప్పినట్టు సంతకం చేయించుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. నంబరు ముక్కను కోయమన్నవాడిని గడప దాటించాలి.

మెకానిక్కుల సంఘాలు పండుగ విందులకూ క్రికెట్ పోటీలకూ చందాలు పోగుచేస్తాయి. ఆ చందాలో పదో వంతు పెట్టి ఇటువంటి రిజిస్టర్లు అచ్చువేయించి పంచితే ఎంత మేలు! మన ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలున్నారు. వారానికి ఒక సాయంత్రం మామ షెడ్డుకో చిన్నాన్న షెడ్డుకో పోయి లెక్కలు రాసిపెట్టడం వారికి భారం కాదు. పానా పట్టిన చేతికీ కలం పట్టిన చేతికీ మన ఇళ్లలోనే ఎడం పెరిగింది. దాన్ని తగ్గించుకోవడానికి ఇదొక అవకాశం.

మా మెకానిక్ సంగతి చెప్పి ముగిస్తాను. ఉచిత న్యాయ సహాయం ద్వారా దొరికిన ఒక యువ న్యాయవాది దరఖాస్తు పెట్టి, పూచీకత్తు మీద బండిని విడిపించాడు. దాన్ని రోడ్డు మీద నడపరాదు. అది బట్టల వ్యాపారి ఇంటి వెనుక గుడ్డ కప్పుకొని ఉంది. కేసు ఇంకా నడుస్తోంది. మెకానిక్ వాయిదాకు పోయిన రోజు షెడ్డు మూతపడుతుంది, ఆ రోజు కూలి పోతుంది. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా కోర్టు చెప్పవలసే ఉంది.

గత నెలలో ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో చీటీ లేదు, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంది. "సాబ్, దీనికి గళ్లు గీసి పెట్టండి. ఏ గడిలో ఏం రాయాలో పైన తెలుగులోనూ ఉర్దూలోనూ రాయండి. నా కొడుకు నింపుతాడు" అన్నాడు. స్కేలు తీసుకొని కూర్చున్నాను. ఉద్యోగంలో అటువంటి గళ్లు వేల పేజీలకు గీశాను. ఎవరి కోసం గీస్తున్నానో తెలిసి గీయడం మాత్రం అదే మొదటిసారి.